ఏ ఎంజైమ్‌కు ఏ డాకింగ్? డెల్టా విద్యార్థులకు ఎంపిక సలహా

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే కాకినాడ నుంచి భీమవరం దాకా ఫార్మసీ, బయోటెక్నాలజీ పిల్లలు ముందుగా అడిగేది ఒకటే: "సార్, డాకింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" సాఫ్ట్‌వేర్ పేరు చెప్పడం పెద్ద పని కాదు. కానీ మీ ఎంజైమ్ ఏది, దాని యాక్టివ్ సైట్‌లో (ఎంజైమ్ పని జరిగే చోట) ఏమేమి ఉన్నాయి, డాకింగ్‌తో మీరు తేల్చుకోవాలనుకుంటున్నది ఏమిటి అన్నవి తెలియకుండా చెప్తే ఆ సలహా మీకు పనికిరాదు. ఒక ఎంజైమ్‌కు చక్కగా పనిచేసిన ప్రోగ్రామే ఇంకోదానికి పూర్తిగా తప్పు జవాబు ఇస్తుంది. ఇచ్చినా ఎర్రర్ ఏమీ చూపించదు. రంగురంగుల బొమ్మ, పక్కన ఒక మైనస్ నంబర్ యథాప్రకారం వచ్చేస్తాయి. నా టెన్షన్ అంతా అక్కడే.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. ఎంజైమ్ త్రీడీ నిర్మాణం తీసుకుని, ఒక చిన్న అణువు దాని పాకెట్‌లో, అంటే గుంటలాంటి చోట, ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌తో అంచనా వేయడమే డాకింగ్. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇర్విన్ కుంట్జ్ బృందం డాక్ అనే ప్రోగ్రాంతో దీనికి దారి వేసింది. అప్పటి నుంచి వచ్చిన మామూలు డాకింగ్ ప్రోగ్రాములన్నీ చేసే పనులు రెండే: అణువును రకరకాల భంగిమల్లో పెట్టి చూడడం, ఒక్కో భంగిమకు స్కోరు వేయడం. ఈ భంగిమనే మనం పోజు అంటాం. పోజులు వెతకడంలో ఇప్పటి ప్రోగ్రాములు బాగానే ఉన్నాయి. బలహీనతంతా స్కోరులోనే ఉంది.

ముందు ఆ స్కోరు సంగతి

ఆటోడాక్ వీనా అనే ఉచిత ప్రోగ్రాంలో ఒక అణువుకు -8.1, ఇంకోదానికి -8.6 స్కోరు (మోల్‌కు కిలోక్యాలరీల్లో) వచ్చిందనుకోండి. మైనస్ ఎంత ఎక్కువైతే బంధం అంత గట్టిదని లెక్క. రెండోది మెరుగని థీసిస్‌లో రాసేస్తారు. గది ఉష్ణోగ్రత దగ్గర బంధం బలం పది రెట్లు మారాలంటే మోల్‌కు 1.36 కిలోక్యాలరీల తేడా ఉండాలి. వీనా అంచనాలో ఉండే సగటు తప్పిదం 2.85 కిలోక్యాలరీల దాకా ఉంటుందని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు. అంటే వంద రెట్లకు పైగా అటూ ఇటూ కావచ్చు. అలాంటప్పుడు అర కిలోక్యాలరీ తేడాను పట్టుకుని ఏ అణువుకూ మొదటి ర్యాంకు ఇవ్వలేం.

ఇంకో చిక్కు కూడా ఉంది. అణువు పెద్దదయ్యే కొద్దీ స్కోరు దానంతట అదే పెరుగుతుంది. తిప్పతీగ, నేలఉసిరి, మునగాకు అంటూ మొక్కల్లోని పదార్థాల జాబితా తీసుకుని డాక్ చేస్తే పైన ఎప్పుడూ రుటిన్ లాంటి పెద్ద గ్లైకోసైడ్లే (చక్కెర తగిలిన అణువులే) తేలుతాయి. రుటిన్ మోలిక్యులర్ వెయిట్ 610. దాన్ని ఏ ఎంజైమ్‌లో పెట్టినా మంచి స్కోరే వస్తుంది, ఎందుకంటే అంటుకోవడానికి దానికి అన్ని చేతులున్నాయి. కాబట్టి స్కోరును హైడ్రోజన్లు కాని పరమాణువుల సంఖ్యతో భాగించి కూడా చూడండి. సైజు దగ్గరదగ్గరగా ఉన్నవాటినే ఒకదానితో ఒకటి పోల్చండి.

ఏ పద్ధతినైనా పరీక్షించడానికి మొదటి మెట్టు రీడాకింగ్. క్రిస్టల్ స్ట్రక్చర్‌లో (ప్రయోగంతో తేల్చిన త్రీడీ నిర్మాణంలో) ముందే ఉన్న లిగాండ్‌ను, అంటే పాకెట్‌లో కూర్చున్న చిన్న అణువును, తీసేసి, మీ ప్రోగ్రాంతో మళ్లీ డాక్ చేయాలి. అసలు స్థానానికి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల ఆర్‌ఎంఎస్‌డీ (పరమాణువులు సగటున పక్కకు జరిగిన దూరం) లోపల వచ్చిందా అన్నది మామూలుగా పెట్టుకునే హద్దు. కానీ ఇదొక్కటే చాలదు. ఆ పాకెట్ ఆ లిగాండ్‌కు తగ్గట్టు ముందే సర్దుకుని ఉంటుంది, కాబట్టి పని తేలిక. ఒక లిగాండ్‌తో దొరికిన స్ట్రక్చర్‌లో వేరే లిగాండ్‌ను పెట్టి చూడడమే అసలు పరీక్ష. దీన్ని క్రాస్‌డాకింగ్ అంటారు. నైనా అనే ప్రోగ్రాం గురించి 2021లో వచ్చిన పేపర్లో ఈ తేడా కళ్లకు కడుతుంది. పాకెట్ ఎక్కడుందో చెప్పి డాక్ చేస్తే, రీడాకింగ్‌లో వీనా స్కోరుతో మొదటి పోజు సరిగ్గా వచ్చింది 58 శాతం. క్రాస్‌డాకింగ్‌కి వచ్చేసరికి అది 27 శాతానికి పడిపోయింది. నైనా తన న్యూరల్ నెట్‌వర్క్‌తో అవే పోజులకు మళ్లీ మార్కులు వేస్తే రీడాకింగ్‌లో 73, క్రాస్‌డాకింగ్‌లో 37 శాతం వచ్చాయి. మీ ప్రాజెక్టులో కొత్త అణువులు డాక్ చేసినప్పుడు మీరు ఉండేది ఆ క్రాస్‌డాకింగ్ అంకెల దగ్గరే.

అగ్గితెగులు ఎంజైమ్: కోఫాక్టర్ ఉన్నచోట

మన దగ్గర పనికొచ్చే ఉదాహరణ వరిచేలోనే ఉంది. దాళ్వాలో రాత్రిళ్లు చల్లబడి మంచు కురిసే రోజుల్లో వరికి అగ్గితెగులు వస్తుందని డెల్టాలో ఏ రైతునడిగినా చెప్తాడు. దానికి కొట్టే మందుల్లో ట్రైసైక్లజోల్ ఒకటి. ఈ తెగులు తెచ్చే బూజు మొక్కలోకి చొచ్చుకుపోవడానికి మెలనిన్ కావాలి. ఆ మెలనిన్ తయారీలో ట్రైహైడ్రాక్సీనాఫ్తలీన్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఉంది. ట్రైసైక్లజోల్ దాన్నే అడ్డుకుంటుంది. 2017లో యూరోపియన్ యూనియన్ బియ్యంలో ట్రైసైక్లజోల్ అవశేషాల హద్దును కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి తగ్గించింది. కాబట్టి దీనికి బదులు ఇంకో అణువు వెతకడం మంచి ప్రాజెక్టే.

ఈ ఎంజైమ్ స్ట్రక్చర్ 1996లో వచ్చింది, ప్రోటీన్ డేటా బ్యాంకులో ఉంది. కోడ్ 1వైబీవీ. ఫైల్ తెరిచి చూడండి: ప్రోటీన్, ట్రైసైక్లజోల్, వాటితోపాటు ఎంజైమ్ పనికి తోడుండే చిన్న అణువు (కోఫాక్టర్) ఎన్‌ఏడీపీహెచ్ కనిపిస్తాయి. ట్రైసైక్లజోల్ కూర్చున్నది ఆ ఎన్‌ఏడీపీహెచ్ నికోటినమైడ్ వలయం దగ్గరే.

ఇప్పుడు చాలా ల్యాబుల్లో జరిగేది చూడండి. "ముందు హెటెరోఆటమ్స్ అన్నీ డిలీట్ చేయాలి" అని, అంటే ప్రోటీన్ కానివన్నీ తీసేయాలని, ఏదో వీడియోలో చూసి, ట్రైసైక్లజోల్‌తోపాటు ఎన్‌ఏడీపీహెచ్‌నూ తీసేస్తారు. పాకెట్ రెట్టింపు పెద్దదిగా కనిపిస్తుంది. డాక్ చేసిన అణువు వెళ్లి ఎన్‌ఏడీపీహెచ్ ఉండాల్సిన చోట హాయిగా కూర్చుంటుంది, స్కోరూ బ్రహ్మాండంగా వస్తుంది. బస్సులో సీటు మీద ఉన్న మనిషిని లేపేసి సీటు ఖాళీగా ఉందని చెప్పినట్టే ఇది. అసలు ఎంజైమ్‌లో ఆ చోటు ఖాళీ లేదు.

ఇక్కడ నా సలహా: ఎన్‌ఏడీపీహెచ్‌ను ప్రోటీన్‌లో భాగంగానే ఉంచండి. ట్రైసైక్లజోల్ ఒక్కటే తీయండి. వీనా గానీ, దాని నుంచే పుట్టిన స్మినా గానీ ఇలాంటి ఎంజైమ్‌కు సరిపోతాయి. గ్లైడ్, గోల్డ్ లాంటి లైసెన్స్ ప్రోగ్రాములు అవసరం లేదు. ట్రైసైక్లజోల్ చిన్నది, చదునైనది, తిప్పడానికి లోపల బంధాలు లేనిది. అందుకే రీడాకింగ్ తేలిగ్గా పాస్ కావచ్చు. అంతమాత్రాన పద్ధతి రుజువైనట్టు కాదు. చదునైన వలయాలు తిరగబడి కూర్చున్నా స్కోరులో తేడా అంతగా కనిపించకపోవచ్చు, కాబట్టి మొదటి పోజు ఒక్కటే కాకుండా వీనా ఇచ్చే తొమ్మిదీ తెరిచి చూడండి. 2001లో ఇదే ఎంజైమ్‌కు పైరోక్విలాన్, థాలైడ్ లాంటి వేరే మందులతో కూడా స్ట్రక్చర్లు వచ్చాయి. పైరోక్విలాన్‌ను 1వైబీవీలో డాక్ చేసి, దాని సొంత స్ట్రక్చర్‌తో పోల్చండి. ఆ పరీక్ష నిలబడితేనే మీ కొత్త అణువుల జాబితా మొదలుపెట్టండి.

రొయ్యల నల్లమచ్చ: లోహం ఉన్నచోట

భీమవరం, అమలాపురం వైపు పిల్లలు ఎక్కువగా ఎంచుకునేది ఇది. పట్టిన రొయ్యల తలలు, పెంకు అంచులు నల్లబడితే ధర పోతుంది. పాలీఫీనాల్ ఆక్సిడేజ్ ఎంజైమ్ ఫీనాళ్లను ఆక్సీకరించి మెలనిన్ దారి పట్టించడం దీనికి కారణం. ఇప్పుడు వాడుతున్నది సోడియం మెటాబైసల్ఫైట్. 4-హెక్సైల్‌రిసార్సినాల్ కూడా వాడతారు. మొక్కల నుంచి వచ్చే ఇన్‌హిబిటర్, అంటే ఎంజైమ్‌ను ఆపే పదార్థం, దొరికితే బాగుంటుందన్న కోరిక సరైనదే.

డాకింగ్‌కు మాత్రం ఇది కష్టమైన ఎంజైమ్. యాక్టివ్ సైట్‌లో రెండు కాపర్ అయాన్లున్నాయి, ఒక్కోదాన్ని మూడు హిస్టిడిన్‌లు (ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాలు) పట్టుకుని ఉంటాయి. వీనా లోహాన్ని హైడ్రోజన్ బంధం ఇచ్చే పరమాణువులాగా లెక్కేస్తుంది. కాపర్‌కు నిజంగా ఉండే కోఆర్డినేషన్ (చుట్టూ ఉన్న పరమాణువులను పట్టుకునే తీరు), దాని దిశలు, దాని చార్జ్ వీనాకు తెలియవు. వీనా చార్జ్‌ను అసలు లెక్కలోకే తీసుకోదు. ఆటోడాక్ 4లో చార్జ్ లెక్క ఉంది, కానీ దాని మామూలు పారామీటర్ల ఫైల్లో కాపర్ లేదు. మీరే చేర్చాలి. ఆటోడాక్ టూల్స్ లోహానికి చార్జ్ సున్నా అని రాసేస్తుంది, దాన్నీ చేత్తో సరిదిద్దాలి. ఇవన్నీ చేసి కూడా కాపర్‌కు రెండు ప్లస్‌ల చార్జ్ మొత్తం పెడితే లిగాండ్‌లో ఉన్న ప్రతి ఆక్సిజన్ లోహానికే అతుక్కుపోతుంది.

గోల్డ్ ఈ విషయంలో మెరుగు. లోహం చుట్టూ ఏ దిశల్లో ఖాళీ ఉందో చూసి అక్కడ కోఆర్డినేట్ చేసే వీలు దానిలో ఉంది. మీ గైడుకు గోల్డ్ అందుబాటులో ఉంటే ఈ ఎంజైమ్‌కు అదే తీసుకోండి. లేకపోతే వీనాతో పోజు వరకే వెళ్లండి. అణువులోని హైడ్రాక్సిల్ కాపర్‌కు ఎంత దూరంలో ఉంది, హిస్టిడిన్‌లతో ఢీకొంటుందా అన్నవి చెప్పండి, స్కోరుతో ర్యాంకులు ఇవ్వొద్దు. జింక్ ఎంజైమ్‌ల పరిస్థితి ఇంత కష్టం కాదు. కార్బోనిక్ అన్‌హైడ్రేజ్, ఏసీఈ లాంటివాటి కోసం 2014లోనే ఆటోడాక్‌కు ప్రత్యేకంగా జింక్ పారామీటర్లు తయారయ్యాయి. వీనా 1.2లో కూడా వాటిని వాడుకోవచ్చు.

స్ట్రక్చర్ ఎంపికలో ఇంకో జారుడు మెట్టు ఉంది. అందరూ తీసుకునేది పుట్టగొడుగు టైరోసినేజ్, కోడ్ 2వై9ఎక్స్, 2011 నాటిది. అందులో ఉన్న ట్రోపోలోన్ కాపర్‌ల దగ్గరే కూర్చుంటుంది గానీ వాటిని నేరుగా పట్టుకోదు. కాబట్టి మీ రీడాకింగ్‌లో ట్రోపోలోన్ వెళ్లి కాపర్‌కు అతుక్కుంటే మీ సెట్టింగ్ తప్పని అర్థం. ఇది మంచి పరీక్ష. ఇక రొయ్య సంగతి: 2014లో కురుమా రొయ్య ప్రోఫీనాల్ఆక్సిడేజ్ స్ట్రక్చర్ వచ్చింది. వనామీ కాకపోయినా పుట్టగొడుగు కంటే రొయ్యకు రొయ్యే దగ్గర. అయితే మీరు ల్యాబులో పరీక్ష చేసేది కొనుక్కున్న పుట్టగొడుగు ఎంజైమ్‌తోనైతే డాకింగ్ కూడా పుట్టగొడుగు మీదే చేయాలి. రెండూ రెండు ఎంజైమ్‌ల మీద చేసి "డాకింగ్ ఫలితం ప్రయోగంతో సరిపోయింది" అని రాయడం కుదరదు.

షుగర్ వ్యాధి ప్రాజెక్టుల్లోనూ ఇదే జరుగుతోంది. ఆల్ఫా-గ్లూకోసిడేజ్ పరీక్షను ఈస్ట్ ఎంజైమ్‌తో చేసి, డాకింగ్‌ను మనిషి పేగులోని మాల్టేజ్-గ్లూకోఅమైలేజ్ మీద చేస్తారు. షుగర్ మందు అకార్బోస్ ఈ మనిషి ఎంజైమ్‌ను బాగా అడ్డుకుంటుంది, ఈస్ట్ ఎంజైమ్ మీద దాని పని అంతంతమాత్రమే. ఆ ఒక్కటి చాలు, రెండు పాకెట్లూ ఒకటి కావని తెలుసుకోవడానికి.

పురుగుమందులు, ఎసిటైల్‌కోలినెస్టరేజ్

నాడుల్లో పనిచేసే ఈ ఎంజైమ్‌కు నా సమాధానం చిన్నది. డోనెపెజిల్ (మతిమరుపు జబ్బు మందు) లాంటి మామూలు ఇన్‌హిబిటర్లయితే 4ఈవై7 కోడ్ ఉన్న స్ట్రక్చర్ తీసుకుని వీనా, నైనా వాడండి. లోతైన ఇరుకు సందు చివర యాక్టివ్ సైట్ ఉంటుంది, డోనెపెజిల్ ఆ సందు పొడవునా పరుచుకుంటుంది. మధ్యలో కొన్ని నీటి అణువుల ద్వారానే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. అందుకని నీళ్లన్నీ ఒకేసారి తుడిచేయకుండా, ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి చేసి చూడండి.

ఆర్గనోఫాస్ఫేట్ మందులయితే కథ వేరు. అవి ఎంజైమ్‌లోని సెరిన్ అనే అమైనో ఆమ్లంతో రసాయన బంధమే వేసుకుంటాయి. మామూలు డాకింగ్ ప్రోగ్రాములు బంధం ఏర్పడడాన్ని లెక్క కట్టవు. దీనికి కోవలెంట్ డాకింగ్ కావాలి. గోల్డ్‌లో, ష్రోడింగర్ కోవ్‌డాక్‌లో అది ఉంది, ఆటోడాక్ 4తోనూ ఒక దారి ఉంది. ఇంకో సంగతి కూడా చూసుకోండి. క్లోరిపైరిఫాస్ శరీరంలో ఆక్సాన్‌గా మారాకే ఎంజైమ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. డబ్బా మీద ఉన్న అణువును డాక్ చేస్తే మీరు తప్పు అణువును డాక్ చేసినట్టే. మోనోక్రోటోఫాస్‌కు ఈ మార్పు అక్కర్లేదు.

స్ట్రక్చరే లేకపోతే

ప్రోటీన్ నిర్మాణాలను ఏఐతో అంచనా వేసి పెట్టిన ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ నుంచి తీసుకున్న మోడల్‌లో లోహాలు, కోఫాక్టర్లు, నీళ్లు ఉండవు. అందులో పాకెట్ ఖాళీగా ఉందంటే ఆ ఖాళీ నిజం కాకపోవచ్చు. ఇలాంటివాటి కోసమే ఆల్ఫాఫిల్ ఉంది. దగ్గరి బంధువుల స్ట్రక్చర్ల నుంచి కోఫాక్టర్లను తెచ్చి అది మోడల్లో అమరుస్తుంది. ముందు అక్కడ చూడండి.

2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3, ఆ తర్వాత వచ్చిన బోల్ట్జ్ లాంటివి ప్రోటీన్, లిగాండ్ రెండింటి నిర్మాణాన్నీ కలిపే అంచనా వేస్తాయి. పాకెట్ లిగాండ్‌కు తగ్గట్టు మారడం వీటిలో సహజంగానే జరుగుతుంది, అది వీనా చేయలేని పని. ఆల్ఫాఫోల్డ్ సర్వర్‌లో మీ ఇష్టమొచ్చిన అణువు పెట్టే వీలు లేదు, వాళ్లిచ్చిన జాబితాలోంచే తీసుకోవాలి. వాడకం షరతులు కూడా చదివి తీరాలి. బోల్ట్జ్‌కు స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ ఉంది, మీ అణువు మీరే ఇవ్వొచ్చు, బోల్ట్జ్-2 బంధం బలాన్ని కూడా అంచనా వేస్తుంది.

వీటిని వాడొద్దని నేను అనను. కానీ పోజును వాటి మాట మీద ఒప్పుకోకండి. 2024లో పోజ్‌బస్టర్స్ అనే పరీక్ష చేసినవాళ్లు అప్పటి డీప్ లెర్నింగ్ డాకింగ్ పద్ధతుల్లో చాలావాటికి భౌతికంగా అసాధ్యమైన పోజులు వస్తున్నాయని చూపించారు: వంకరపోయిన వలయాలు, ప్రోటీన్‌లోకి దూసుకుపోయిన అణువులు. శిక్షణలో చూసినవాటికి దూరంగా ఉన్న ప్రోటీన్‌లలో అవి మరీ వెనకబడ్డాయి. ఆ పరీక్ష ప్రోగ్రాం ఉచితమే, మీ పోజుల మీద కూడా నడపండి. వనామీ ఎంజైమ్‌లాంటి వాటిలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

మీ దగ్గర ఉన్న కంప్యూటర్‌ను బట్టి

మామూలు లాప్‌టాప్ ఒక్కటే ఉంటే వీనా 1.2 లేదా స్మినా చాలు. కమాండ్ లైన్ అంటే భయపడి అందరూ బటన్లతో నడిచే పైఆర్ఎక్స్‌కి వెళ్తారు. దాన్ని వాడితే తప్పు లేదు, కానీ మాక్సిమైజ్ బటన్ మాత్రం నొక్కకండి. నొక్కితే ఎక్కడ వెతకాలో చెప్పే గ్రిడ్ బాక్స్ ప్రోటీన్ మొత్తానికి పరుచుకుంటుంది. ఒక్కో వైపు 30 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే 27,000 ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌లు దాటితే వీనాయే హెచ్చరిక ఇస్తుంది. ఎందుకంటే మామూలుగా పెట్టిన ఎగ్జాస్టివ్‌నెస్ (ఎంత గట్టిగా వెతకాలన్న సెట్టింగ్) 8 అంత పెద్ద చోటును వెతకడానికి చాలదు. బాక్సును తెలిసిన లిగాండ్ చుట్టూ పెట్టి, ఎగ్జాస్టివ్‌నెస్ 32కి పెంచండి. సీడ్ (వెతుకులాట మొదలుపెట్టే యాదృచ్ఛిక సంఖ్య) మార్చి కొన్నిసార్లు నడిపి అదే పోజు వస్తుందో లేదో చూడండి.

నైనాకు లైనక్స్, వీలైతే గ్రాఫిక్స్ కార్డు కావాలి. లేనివాళ్లు గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా దొరికే దానితో పని కానిచ్చేయొచ్చు. ఇన్‌స్టాల్ చేయడం అసలు కుదరకపోతే స్విస్‌డాక్ వెబ్‌సైట్ ఉంది, 2024 నుంచి అందులోనే వీనా కూడా నడుస్తుంది. ఒకటి రెండు అణువులకు అది బాగుంటుంది, వందలకు కాదు. గ్లైడ్ మంచి ప్రోగ్రామే. మీ సంస్థకు లైసెన్స్ ఉంటే వాడండి. అది లేదని చిన్నబుచ్చుకుని అప్పుచేసి కొనాల్సిన పని లేదు.

పెద్ద జాబితాలను వడపోయాలనుకుంటే రీడాకింగ్‌తోపాటు ఇంకో పరీక్ష కావాలి. పనిచేస్తాయని తెలిసిన కొన్ని అణువులను, వాటిలాగే కనిపిస్తూ పనిచేయని డెకాయ్‌లలో కలిపి డాక్ చేసి, పనిచేసేవి పైకి తేలుతున్నాయో లేదో చూడాలి. డీయూడీ-ఈ అనే సెట్‌లో ఒక్కో పనిచేసే అణువుకు 50 డెకాయ్‌ల చొప్పున పెట్టి ఇస్తారు. మీ ఎంజైమ్ అందులో లేకపోయినా అదే పద్ధతిలో మీరే సొంతంగా తయారుచేసుకోవచ్చు.

డాకింగ్‌లో పైకి వచ్చిన అణువుల్లో కొనగలిగినవి కొన్ని, వాటితోపాటు బాగా కింద ఉన్నవి రెండు మూడు ప్రయోగానికి తీసుకోండి. ఎంజైమ్ మార్చే పదార్థంగా టైరోసినేజ్‌కైతే ఎల్-డోపా ఇచ్చి 475 నానోమీటర్ల దగ్గర, గ్లూకోసిడేజ్‌కైతే పీఎన్‌పీజీ ఇచ్చి 405 దగ్గర వచ్చే రంగును స్పెక్ట్రోఫోటోమీటర్‌తో చదవొచ్చు. ఈ పరికరం మన కాలేజీల్లో దాదాపు అన్నిచోట్లా ఉంది. కింద ఉన్నవి కూడా ఎంజైమ్‌ను ఆపేస్తే ఆ డాకింగ్ ర్యాంకును నమ్మడానికి లేదని అక్కడే తేలిపోతుంది. థీసిస్‌లో ప్రోగ్రాం వెర్షన్, పీడీబీ కోడ్, ఉంచిన కోఫాక్టర్లు, నీళ్లు, బాక్స్ కేంద్రం, సైజు, సీడ్, రీడాకింగ్ ఆర్‌ఎంఎస్‌డీ అన్నీ రాయండి. ఇవి ఉంటే మీ తర్వాత వచ్చే జూనియర్ అదే ఫైలు తీసుకుని మీరు ఆపిన చోటి నుంచే పని మొదలుపెట్టొచ్చు.